లాకస్ అన్నా గుంట అన్నా

ఈసారి మన చెరువుల సంగతి ఒక లాటిన్ మాటతో మొదలుపెడుతున్నాం. ఆ మాట లాకస్. అర్థం సరస్సు. ఇంగ్లీషు లేక్, ఇటాలియన్ లాగో అందులోంచి వచ్చినవే.

అయితే రోమన్లకు లాకస్ అంటే సరస్సు ఒక్కటే కాదు. ద్రాక్షరసం పట్టే తొట్టి లాకస్. వీధిలో జనం నీళ్లు పట్టుకునే తొట్టీ లాకసే. అగ్రిప్ప రోమ్ నగరంలో అలాంటివి 700 కట్టించాడని ప్లినీ రాశాడు. లాటిన్ బైబిల్లో దానియేలును పడేసిన సింహాల గుహకూ అదే మాట. అక్కడ నీళ్లే లేవు! చంద్రుడి పటంలో కూడా లాకస్ పేర్లున్నాయి, అక్కడా నీళ్లు లేవు. అన్నిటిలో ఉన్నది ఒక్కటే, పల్లం.

మనకు ఇది వింత కాదు. గుంట అంటే గొయ్యి, గుంట అంటే చిన్న చెరువు, భూమి కొలతలో ఎకరంలో 40వ వంతు కూడా గుంటే. మన సిరోంచ తాలూకా రేగుంట పేరులోనూ ఆ మాట వినిపిస్తుంది. గుడి ముందు ఉంటే కోనేరు, ప్రాణహితలో లోతైన చోటు మడుగు, కట్ట, తూము, మత్తడి ఉంటే చెరువు.

మరి కాగితం మీద? 1860లో సిరోంచ ప్రాంతం నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. అప్పర్ గోదావరి జిల్లాకు సిరోంచే కేంద్రమైంది. 1874లో చాందా జిల్లాలో కలిసింది. 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా వచ్చాయి. దొరతనం మారినప్పుడల్లా దఫ్తరు మారింది, నీళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. మరాఠీలో పెద్దది తలావ్, చిన్నది బోడీ. మన మాటలన్నీ ఆ రెండింట్లో సర్దుకోవాలి.

మన జిల్లాలో మామా తలావ్ అనే మాట వినే ఉంటారు. మన పిల్లలు ఏ మామ తవ్వించాడని అడుగుతారు. ఆ మామ చుట్టం కాదు. మాజీ మాల్గుజారీ అనే రెండు మాటల మొదటి అక్షరాలు అవి. 1951లో మాల్గుజారీ, జమీందారీ పద్ధతులు పోయాక ఆ చెరువులు సర్కారువయ్యాయి.

రోమ్ నడిబొడ్డున లాకస్ కర్టియస్ అనే చోటు ఉంది. రెండు వేల ఏళ్ల కిందటే అది పొడి నేల. కవి ఒవిడ్ ఆ మాటే రాశాడు, ఒకప్పుడు అక్కడ నీళ్లుండేవనీ రాశాడు. నీళ్లు పోయినా పేరు నిలిచింది కాబట్టే ఆ సంగతి నేటికీ తెలుస్తోంది.

మనకు దిగులు ఇక్కడే. పేరు పోయిన కుంట వేసవిలో ఒట్టి పల్లపు నేలలా కనిపిస్తుంది. మొరం పోసి చదును చేస్తే అడిగేవాళ్లుండరు. వానాకాలంలో నీళ్లు మాత్రం తమ చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. కోర్టుల్లో లోపాన్ని లాకునా అంటారు. అదీ లాకస్ బిడ్డే, అసలు అర్థం గుంట. కుంటను కాగితంలోంచి జారవిడిస్తే మిగిలేది ఆ లాకునాయే.

అందుకని సభ్యులకు మా మనవి. ఇంట్లో తాత, అవ్వ ఉంటే ఊరి కుంటల పేర్లు, మత్తడి ఏ దిక్కున పారేదో అడిగి రాసుకోండి. తెలుగులో, మరాఠీలో, గోండిలో ఎన్ని పేర్లుంటే అన్నీ రాయండి. వచ్చే మీటింగుకు ఆ కాగితం పట్టుకురండి. సాత్‌బారా పక్కన పెట్టి సరిచూద్దాం.