మసూలా పడవ పక్కన తెప్ప

సంక్రాంతి దాటాక బస్సు వేసుకుని పులికాటు పోదాం, అక్కడ పడవెక్కి మొగ దాకా వెళ్ళి సముద్రం చూసి వద్దాం అని మన గ్రూపులో మాట నడుస్తోంది. పేర్లు ఇచ్చినవాళ్ళు అప్పుడే నలభై దాటారు. వద్దనడానికి ఇది రాయడం లేదు. అయితే మనం గనుల మీద పుట్టి పెరిగినవాళ్ళం. ఛాంపియన్ రీఫ్‌లో నేల కింద రెండు మైళ్ళ లోతున ఏం జరిగేదో మన ఇళ్ళలో ముసలమ్మలకు కూడా తెలుసు. ఉప్పునీటి మీద పది గజాల దూరంలో ఏం జరుగుతుందో మనలో చాలామందికి తెలియదు. మన బేతమంగళం చెరువు నింపే పాలారు వాయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రంతో మనకున్న చుట్టరికం అంతవరకే.

1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారుకు వచ్చిన రోజుల్లో మద్రాసుకు సరైన హార్బరు లేదు. కట్టడం మొదలుపెట్టిన గోడలను 1881 నవంబరు తుఫాను విరగ్గొట్టింది. అంతకు ముందు రెండు వందల ఏళ్ళూ మద్రాసు వచ్చిన ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని ఊగుతూ నిలబడేవి. గవర్నరు దొర అయినా, గుర్రమైనా, సారా పీపా అయినా మసూలా పడవలో దిగి అలలు దాటి రావలసిందే. ఇంగ్లీషు వాళ్ళు తెచ్చిన గట్టి ఓక్ చెక్క పడవలు ఆ అలల్లో ఇసుకకు కొట్టుకుని పగిలిపోయేవి. మసూలా పడవకు ఒక్క మేకు ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి, సందుల్లో గడ్డి కూరేవారు. నేలకు తగిలితే పగలదు, బుట్టలాగా వంగుతుంది. కారే నీళ్ళు తోడిపోయడానికే ఒక మనిషి ఉండేవాడు.

పడవ ఎలాంటిదైనా, ప్రాణం నిలబెట్టింది మాత్రం ఆ మనుషులు పెట్టుకున్న కట్టుబాటే. వెనక తెడ్డు పట్టి నిలబడే తండేలుదే మాట. రికార్డుల్లో దొరలు టిండల్ అని రాసుకున్నది ఇతన్నే. అల విరిగే చోటికి ముందే పడవ ఆపించి, వెనక్కి తిరిగి చూస్తూ ఒకటి, రెండు పెద్ద అలలు పోనిచ్చేవాడు. తర్వాత ఒక అల వీపు మీద పడవ ఎక్కగానే కేక వేసేవాడు, అందరూ ఒక్క ఊపున తెడ్లు వేసేవారు. లోపల కూర్చున్న దొర ఎంత తొందరపెట్టినా పడవ కదిలేది కాదు. మా ఉద్యోగంలో గార్డు జెండా ఊపనిదే బండి కదలదు. గనిలో బెల్లు కొట్టనిదే కేజీ దిగదు. అదీ ఇలాంటిదే.

రెండో కట్టుబాటు మాకు ఇంకా నచ్చింది. అలలు బలంగా ఉన్న రోజు మసూలా పడవ ఒంటరిగా వచ్చేది కాదు. దాని పక్కన తెప్పలు వచ్చేవి. పడవ తిరగబడితే తెప్పవాళ్ళు దూకి మనుషుల్ని పైకి లాగేవారు. అలా ప్రాణాలు కాపాడినవాళ్ళకు మెడల్స్ ఇచ్చారు, వాళ్ళు వాటిని గర్వంగా తగిలించుకునేవారని ఆనాటి ప్రయాణికులు రాశారు. మరీ చెడ్డ రోజున ఒడ్డున జెండా ఎగరేసేవారు. ఆ జెండా ఎగిరితే ఎంత పెద్దవాడైనా ఓడలోనే ఉండాలి.

తెప్ప అంటే దుంగల్ని పక్కపక్కన పెట్టి కట్టినది. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం కాబట్టి కట్టుమరం అన్న మాట చిన్నప్పుడే వచ్చు. ఇంగ్లీషు వాడి కాటమరాన్ అందులోంచే పుట్టింది. అరవ మాట లండన్ దాకా పోయింది, తెలుగు తెప్ప మన తీరంలోనే ఉండిపోయింది. (నెల్లూరు తీరంలో ఇంట్లో అరవం, బయట తెలుగు మాట్లాడే పట్టపు వాళ్ళున్నారు. మనల్ని అద్దంలో తిప్పి చూసినట్టుంటుంది.) తెప్పకు లోపల అంటూ ఏమీ లేదు కనుక నీళ్ళు నిండవు, అది మునగదు. అల విసిరేసినా మనిషి ఈది మళ్ళీ ఎక్కుతాడు. అయితే గాలి లేకపోతే తెడ్డే దిక్కు, అందుకని ఎక్కువ మంది ఒడ్డున తాటిచెట్లు కనిపించే దూరంలోనే వేట చేసుకునేవారు.

ఒడ్డు చూసుకునే మనిషికి తుఫాను సంగతి ముందుగా చెప్పేదెవరు? 1789 డిసెంబరులో మన గోదావరి ముఖాన కోరింగ రేవును మూడు పెద్ద అలలు ముంచేశాయి. కలకత్తాలో ఉండిన పిడింగ్టన్ అనే ఆయన కోరింగ తుఫానుతో సహా ఇలాంటివన్నీ రాసిపెట్టి, 1848లో సైక్లోన్ అనే మాటను పుస్తకంలో పెట్టాడు. పాము చుట్ట అన్న అర్థంలో గ్రీకు మాట నుంచి తీశాడు. పేరైతే దొరికింది, హెచ్చరిక దొరకలేదు. 1864 అక్టోబరులో కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నం మునిగాయి. మచిలీపట్నంలోనే 30,000 మంది దాకా పోయారు. మరుసటి ఏడు కలకత్తా రేవులో హెచ్చరిక ఏర్పాటు మొదలైంది. 1875లో వాతావరణ శాఖ వచ్చింది. ఇవాళ టీవీలో వినే ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు హెచ్చరికలు ఆ వంశంలోనివే. పదకొండో నంబరు ఒకటుంది, హెచ్చరిక ఇచ్చే ఆఫీసుతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

ఈ నంబర్లు రేవులో ఓడల కోసం పుట్టినవి. రేవే లేని పల్లెలో తెప్పవాడికి ఆ హెచ్చరిక ఎక్కడ కనపడుతుంది? మా రైల్వే కూడా దెబ్బ తిన్న తర్వాతే నేర్చుకుంది. 1964 డిసెంబరు 22 రాత్రి ధనుష్కోటి ప్యాసింజరు బండి అలల్లో కొట్టుకుపోయింది, వంద మందికి పైగా పోయారు. తర్వాతి కాలంలో పాత పాంబన్ వంతెన మీద గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే బండి ఆపేసేవారు. ఆ లెక్కకు డ్రైవరు ధైర్యంతో పని లేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయింది ఒడ్డునే, ఇళ్ళల్లోనే. 1996 నవంబరు 6న కాకినాడ వైపు వచ్చిన తుఫాను వేరే పాఠం చెప్పింది. అప్పటికి మర పడవలు వచ్చాయి. తాటిచెట్లు కనపడే దూరం దాటి వెళ్ళడం తేలికైంది, తిరిగి రమ్మని చెప్పే మాట అంత దూరం పోలేదు. వెయ్యి మందికి పైగా చనిపోయిన ఆ తుఫానులో వేటకు వెళ్ళి తిరిగి రానివాళ్ళే వందల్లో ఉన్నారు. పడవకు ఇంజను ముందు వచ్చింది, కబురు తర్వాత వచ్చింది. మా అభిప్రాయంలో అసలు నష్టం ఆ మధ్య కాలంలోనే జరిగింది. 2017లో ఓఖీ తుఫానప్పుడు కన్యాకుమారి, కేరళ వాళ్ళకూ అదే జరిగింది. ఆ తర్వాతే 2019లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వాళ్ళ సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా నడిసముద్రంలో పడవకు అందించే జెమిని అనే చిన్న పెట్టె వచ్చింది.

ఇప్పుడు పులికాటు సంగతి. 2011 డిసెంబరు 25న అక్కడ సరదాగా తిరగడానికి వెళ్ళినవాళ్ళు ఎక్కిన చేపల పడవ తిరగబడింది. 25 మందిలో 22 మంది పోయారు. లైఫ్ జాకెట్లు లేవు. తుఫాను కాదు, చీకటి కాదు, పండగ పూట పగలు. సరస్సు మోకాలి లోతు కదా అనుకుంటారు. మొగ దగ్గర అలా కాదు. ఆటు వేళ సరస్సు నీరు సముద్రంలోకి పరిగెడుతుంది, ఎదురుగా అల వస్తుంది, రెండూ కొట్టుకుని అల నిటారుగా లేస్తుంది. కింద ఇసుక మేట నెలనెలా చోటు మారుతుంది. అక్కడి జాలరికి అది తెలుసు. పడవ నిండా మనుషులుండి, అందరూ ఫొటో కోసం ఒకే పక్కకు లేచి నిలబడితే ఆ జాలరి మాత్రం ఏం చేయగలడు?

కనుక ఏర్పాట్లు చూస్తున్న తమ్ముళ్ళకు మా మాట ఇది. బస్సు సీట్ల లెక్కతో పాటు జాకెట్ల లెక్క కూడా ముందే రాయించండి, పిల్లల సైజువి వేరుగా. జాకెట్టు ఒంటికి కట్టుకోవాలి, కింద వేసుకుని కూర్చోవడానికి కాదు. ఒక పడవకు ఎంతమంది అన్నది డబ్బు పంచుకునే లెక్కన కాదు, పడవవాడి మాట ప్రకారం. ఒక్క పడవ వద్దు, రెండు కలిసి వెళ్ళాలి. మొగ దాకా వెళ్ళాలా వద్దా అన్నది ఆ రోజు ఆ తండేలు చెబుతాడు. వద్దంటే వంద రూపాయలు ఎక్కువ ఇస్తామని బతిమాలకండి. కోస్టు గార్డు ఫోన్ 1554, అందరి సెల్లులో పెట్టించండి. మెడిసిన్ సంచి, నీళ్ళ క్యాన్లు మా వంతు. బంగారుపేట నుంచి ఎక్కేవాళ్ళు ఎంతమందో ఆదివారం లోపల చెప్పండి.