తొలినాటి యాత్రిక ఛాయాచిత్రకారులు

ఈనాడు మనము తిరుపతికి పోయినా, కాశీకి పోయినా, గోపుర శిఖరాన్నో గంగ ఒడ్డునో ఒక్క క్షణంలో చిత్రంగా పట్టి ఇంటికి తెచ్చుకొంటున్నాము. జేబులో ఇమిడే టెలిఫోనులోనే కెమేరా కూడ అమరి ఉండుటచేత, చిత్రం తీయుట ఒక శ్రమ అన్న సంగతినే మరచిపోయినాము. కాని మన దేశంలోని ఊళ్లను, కొండలను, కోవెలలను మొట్టమొదట కెమేరాలో పట్టినవారికి ఈ పని చిన్న దండయాత్ర వంటిది. బండ్లు, డేరాలు, మందుల సీసాలు, పదులకొద్దీ మనుషులు లేనిదే ఒక్క చిత్రమైనా చేతికి వచ్చేది కాదు. ఆ కథ కొంత తెలుసుకొంటే, వారు తీసిన చిత్రాలను చూచే మన చూపు మారుతుందని మా నమ్మకం.

ఛాయాగ్రహణ విద్య 1839లో ఐరోపాలో లోకానికి వెల్లడి అయినది. పారిస్ నగరంలో డాగెర్ చూపిన పద్ధతిలో, వెండిపూత పూసిన రేకుమీద ఒక్కటే చిత్రం వచ్చేది. దానికి మరొక ప్రతి లేదు. ఇంగ్లండులో టాల్బట్ కనిపెట్టిన పద్ధతిలో కాగితంమీద నెగెటివు తయారయ్యేది. దానినుండి ఎన్ని ప్రతులనైనా తీయవచ్చును. కాగితానికి మైనం పట్టించి వాడే పద్ధతి యాత్రికులకు మరింత అనుకూలమైనది. మైనపు కాగితాలను ముందుగానే సిద్ధపరచుకొని వెంట తీసుకొనిపోవచ్చును. చిత్రం పట్టిన తరువాత బసకు చేరి తీరికగా కడుగుకోవచ్చును. ఇబ్బంది ఏమిటంటే, కెమేరా కన్ను నిమిషాలకొద్దీ తెరచి ఉంచవలసి వచ్చేది.

దక్షిణదేశంలో ఈ పద్ధతిని గొప్పగా వాడినవారు లిన్నేయస్ ట్రైప్. ఆయన ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యంలో ఉద్యోగి. 1854లో మైసూరు సీమలోని బేలూరు, హళేబీడు ఆలయాలను చిత్రించినారు. 1855లో బర్మా రాజైన మిండాన్ కొలువుకు రాయబారం వెళ్లినప్పుడు ఆయనను చిత్రకారునిగా వెంట పంపినారు. ఆ ప్రయాణంలో ఆయన 200కు పైగా నెగెటివులు తయారుచేసినారు. ఆ తరువాత మద్రాసు ప్రభుత్వమే ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించినది. 1857 డిసెంబరులో సామాగ్రినంతా ఎద్దుబండ్లమీద ఎక్కించుకొని బయలుదేరి, శ్రీరంగం, తిరుచిరాపల్లి, మధుర, తంజావూరు మొదలైన చోట్ల నెలల తరబడి తిరిగినారు. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానం చుట్టూ చెక్కిన శాసనాన్ని భాగాలు భాగాలుగా చిత్రించి, 21 చిత్రాలను వరుసగా అతికించి, సుమారు 19 అడుగుల పొడవైన చుట్టగా తయారుచేసినారు. శాసనాన్ని కంటితో చూచి వ్రాసుకొనేవాడు పొరపడవచ్చును. అక్షరం అరిగిపోయినచోట ఊహించి పూరించవచ్చును. ఈ చుట్టలో మాత్రం రాతిమీద ఎట్లున్నదో అట్లే నిలిచినది.

తెలుగువారమైన మనకు ట్రైప్ చేసిన మరొక పని ముఖ్యమైనది. అమరావతి స్తూపపు శిల్పఫలకాలను కొన్నింటిని వాల్టర్ ఇలియట్ 1845లో త్రవ్వించి తీయించినారు. అవి మద్రాసు చేరి, ఎండకు వానకు లోనై ఉండగా, 1858లో ట్రైప్ వాటిని ఒక్కొక్కటిగా చిత్రించినారు. మరుసటి ఏడే వాటిలో చాలవరకు ఓడ ఎక్కి లండను చేరినవి. ఈనాడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. కృష్ణాతీరాన పుట్టిన ఆ సున్నపురాతి శిల్పాలు మన నేల విడిచిపోయే ముందు ఏ స్థితిలో ఉండెనో చెప్పే సాక్ష్యం ఆ చిత్రాలే. అయినా 1859లో కొత్తగా వచ్చిన గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్, ఇది ఖజానాకు తగని విలాసమని భావించి ఆ శాఖను మూయించినారు. ట్రైప్ అటుపైన చిత్రాలు తీయుట దాదాపుగా మానుకొన్నారు.

ఇంతలో మరొక పద్ధతి వ్యాపించినది. 1851లో ఫ్రెడెరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతి అది. గాజుపలకమీద కొలోడియన్ అనే జిగురు ద్రావకం పోసి, చీకటిలో వెండిలవణపు నీటిలో ముంచి, తడి ఆరకముందే కెమేరాలో పెట్టి చిత్రం పట్టవలెను. తడి ఆరకముందే కడుగవలెను. ఈ పనులన్నీ నిమిషాలలో ముగియవలెను కనుక, ఎక్కడ చిత్రం తీయదలచితే అక్కడికి చీకటిగది కూడ నడిచి రావలసినదే. అందుకే ఆ యాత్రికులు నల్లని డేరాను వెంటపెట్టుకొని తిరిగేవారు. చిత్రం మాత్రం కాగితపు నెగెటివు కంటె ఎంతో స్పష్టంగా, ఆకు ఆకు లెక్కపెట్టగలిగినట్లు వచ్చేది.

ఈ గాజుపలకలతో హిమాలయాలెక్కిన మనిషి శామ్యూల్ బోర్న్. నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉండి, ఆ ఉద్యోగం విడిచి 1863లో మన దేశం వచ్చినారు. 1863, 1864, 1866 సంవత్సరాలలో మూడు పెద్ద యాత్రలు చేసినారు. మొదటిదానికి 30 మంది వరకు, రెండవదానికి 40 మందికి పైగా కూలీలు సామాను మోసినారు. మూడవ యాత్రలో 18,600 అడుగుల ఎత్తున ఉన్న మణిరంగ్ కనుమలో చిత్రాలు తీసినారు. అంత ఎత్తున మరొకరు చిత్రం తీయుటకు ఆ తరువాత ఎన్నో ఏండ్లు పట్టినది. వ్రేళ్లు కొంకర్లు పోయే ఆ చలిలో గాజుపలకమీద ద్రావకం సమంగా పోయుట ఎంత కష్టమో ఊహించుకోవచ్చును.

ఆ సాహసాన్ని మెచ్చుకొంటూనే, ఇంకొక సంగతి కూడ చెప్పుకొనవలెను. ఆ పెట్టెలు కనుమదాకా ఎక్కినది కూలీల వీపులమీద. ఆనాటి కొండరాజ్యాలలో బేగారు అనే ఆచారం ఉండేది. మనవైపు వెట్టి అన్నది అదే. మంచుకు, ఆకలికి తాళలేక కొందరు బరువులు దించి పారిపోయేవారు. అట్టివారిని కర్రతో కొట్టి మళ్లీ పనిలోకి దించిన సంగతి బోర్న్ తన యాత్రా వ్యాసాలలో తానే వ్రాసుకొన్నారు. ఆయన చిత్రాలలో మంచుకొండలు, దేవదారు వనాలు, తాళ్ల వంతెనలు కన్నులపండువుగా ఉంటవి. కూలీలు ఎక్కడైనా కనబడినా, కొండ ఎంత పెద్దదో చూపుటకు నిలబెట్టిన కొలబద్దలుగానే కనబడతారు. వారి పేర్లు మనకు దక్కలేదు.

దీనిలో కొంత పాలు ఆనాటి యంత్రానిది కూడ. కెమేరా కన్ను చాలసేపు తెరచి ఉండుటచేత కదిలేది ఏదీ పలకమీద నిలిచేది కాదు. బజారులో నడచిపోయేవారు, కావడి మోసేవారు, బండి తోలేవారు మసకగా మారిపోయేవారు, లేదా పూర్తిగా మాయమయ్యేవారు. గోడలు, గోపురాలు, మండపాలు మిగిలేవి. ఆ చిత్రాలు చూచి, ఆనాటి మన ఊళ్లు నిర్మానుష్యంగా ఉండెనని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. ఆకాశం కూడ అంతే. ఆనాటి రసాయనాలకు మేఘాలు చిక్కేవి కావు. అందువలన ట్రైప్ కొన్ని నెగెటివులమీద మబ్బులను రంగుతో తన చేతితోనే దిద్దినారు. ఛాయాచిత్రం అబద్ధమాడదని మనము అనుకొంటాము. అది కొంత దాచగలదని, కొంత చేర్చగలదని ఆ తొలినాటి చిత్రాలే తెలుపుతున్నవి.

ఈ విద్యను మన దేశీయులలో శిఖరానికి చేర్చినవారు రాజా దీనదయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపాన సర్ధనలో జన్మించినారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరు సంస్థానంలో మరామతు శాఖలో ఉద్యోగం చేస్తూ, 1874 ప్రాంతంలో కెమేరా చేపట్టినారు. మధ్యభారతంలోని కోటలను, ఆలయాలను తిరిగి తిరిగి చిత్రించినారు. 1880 దశకం మధ్యలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులై, సికింద్రాబాదులో స్టూడియో తెరచినారు. అప్పటికి ఎండుపలకలు అంగడిలో దొరుకుచున్నవి. నల్లడేరా మోసుకొని తిరిగే బాధ తప్పినది. చార్మినారు, మక్కా మసీదు, గోలకొండ, ఫలక్‌నుమా సౌధం ఆయన పలకలమీద నిలిచినవి.

ఆ దీనదయాళే 1899–1900 నాటి ఘోర క్షామంలో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతానికి కూడ కెమేరా తీసుకొనిపోయినారు. సౌధాలను చూపిన ఆ కన్నే, ఎముకలు తేలిన మనుషులను కూడ చూపినది. ఇక్కడ మనిషి కొలబద్ద కాదు. చిత్రానికి అతడే విషయం.

ఆయన 1905లో కాలం చేసినారు. మూడేండ్లు గడచిన పిదప, 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తినది. వేలాదిమంది ప్రాణాలు పోయినవి. ఏటి ఒడ్డున ఉన్న పేటలు కొట్టుకొనిపోయినవి. వరదకు ముందటి నగరపు రూపం తెలుసుకొన గోరేవారికి ఈనాడు ఆధారాలలో అవి కూడ ముఖ్యమైనవి. ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నవి. కలకత్తాలో బోర్న్ పేరుతో నడచిన స్టూడియోకు ఆ భాగ్యం లేకపోయినది. 1991లో నిప్పంటుకొని దాని భాండారంలో చాలభాగం కాలిపోగా, 2016లో ఆ సంస్థ తలుపులు మూసినది.

రాయి నిలిచినంతకాలం చిత్రంతో పనిలేదు. రాయి ఓడ ఎక్కినప్పుడు, ఊరు వరదలో పోయినప్పుడు, చిత్రమే మిగిలిన ఆస్తి అవుతున్నది. అయితే ఆ చిత్రంలో ఎవరు లేరో కూడ అడిగి తెలుసుకొన్నప్పుడే అది పూర్తి చరిత్ర అవుతుంది.

మన ఇండ్లలోని పెట్టెల అడుగున కూడ ఇటువంటి చిత్రాలు ఉంటవి. రామేశ్వరంలో తాతగారు, పుష్కరాలలో అమ్మమ్మగారు, ప్రక్కన ఎవరో ఒక మనిషి. ఆ మనిషి ఎవరని అడిగితే చెప్పగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇంట్లో పెద్దలు ఉండగానే ఒక సాయంకాలం ఆ చిత్రాలను వారి ముందు పరచి, ఊరు, ఏడు, మనుషుల పేర్లు అడిగి, ప్రతి చిత్రం వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాసిపెట్టవలెనని మా మనవి. దారి చూపిన పండా పేరైనా, బండి తోలిన మనిషి పేరైనా తెలిస్తే, దానిని కూడ వ్రాయండి. బోర్న్ వెంట కనుమ ఎక్కినవారికి దక్కనిది అదే.