దిగ్బంధం నుంచి భూతాపం వరకు: ఆక్స్‌ఫామ్ నడిచిన దారి

ప్రపంచంలోని పెద్ద సహాయ సంస్థల్లో ఒకటైన ఆక్స్‌ఫామ్ గత రెండు దశాబ్దాలుగా భూతాపాన్ని గురించీ, దానికి కారణమైన కర్బన ఉద్గారాల్లో, అంటే బొగ్గు, చమురు వంటి ఇంధనాలను మండించినప్పుడు గాలిలో కలిసే వాయువుల్లో, సంపన్నుల వాటాను గురించీ పదే పదే మాట్లాడుతుండటంతో, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడానికి పుట్టిన సంస్థకు ఈ కొత్త పని ఎందుకన్న ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. సంస్థ చరిత్రను మొదటినుంచి పరిశీలిస్తే ఇది కొత్త పని కాదని అర్థమవుతుంది. ఒకచోట మనుషులు తిండిలేక చనిపోవడానికి మరెక్కడో తీసుకున్న నిర్ణయం కారణమైనప్పుడు, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించకుండా గింజలు మాత్రం పంపి ఊరుకోవడం చాలదన్న తలంపే ఆ సంస్థ పుట్టుకకు మూలం. పర్యావరణం విషయంలో అది తీసుకున్న దీక్షలన్నీ ఆ మూలం నుంచి వచ్చినవే.

రెండవ ప్రపంచయుద్ధంలో 1941 ఏప్రిల్‌లో జర్మనీ సేనలు గ్రీసుపై దండెత్తి, కొద్ది వారాల్లోనే ఆ దేశాన్ని వశపరచుకున్నాయి. శత్రువు చేతిలో ఉన్న ఐరోపాకు సముద్రమార్గంలో సరుకులు చేరకుండా బ్రిటన్ అప్పటికే నౌకాదిగ్బంధం విధించి ఉన్నది. ఆహారం పంపినా అది చివరకు శత్రువుకే బలమవుతుందని చర్చిల్ ప్రభుత్వం వాదించింది. గ్రీసు శాంతికాలంలో కూడా తనకు కావలసిన గోధుమల్లో పెద్ద భాగాన్ని దిగుమతి చేసుకునే దేశం కావడంవల్ల, ఒకవైపు ఆక్రమణదారులు పంటను దోచుకుపోవడం, మరొకవైపు ఓడలు నిలిచిపోవడం ఏకమై 1941-42 శీతాకాలంలో ఏథెన్స్, పిరేయస్ నగరాల వీధుల్లో జనం కుప్పకూలి చనిపోయే స్థితి వచ్చింది. ఆక్రమణ కాలమంతటిలో ఆ కరవువల్ల చనిపోయినవారు 3 లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా.

ఈ పరిస్థితిలో, ఆహారం వరకైనా దిగ్బంధాన్ని సడలించాలని బ్రిటన్‌లో కోరినవారు కరవు సహాయ సంఘాలుగా ఏర్పడ్డారు. అలాంటి స్థానిక సంఘాల్లో ఒకటి 1942 అక్టోబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీ చర్చి పాత గ్రంథాలయంలో సమావేశమైంది. చర్చి మతాధికారి థియోడోర్ మిల్‌ఫర్డ్, గ్రీకు సాహిత్య ఆచార్యుడు గిల్బర్ట్ మరే, వ్యాపారి సెసిల్ జాక్సన్-కోల్, భారతదేశంలో ఐసీఎస్ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన సర్ అలన్ పిమ్ దాని తొలి పెద్దల్లో ఉన్నారు. యుద్ధం జరుగుతుండగా సొంత ప్రభుత్వ యుద్ధనీతినే ప్రశ్నించడం చిన్న విషయం కాదు. దేశద్రోహమన్న మాట పడే ప్రమాదం ఉన్నా వారు వెనుదీయలేదు. దిగ్బంధం కొంత సడలి, స్వీడన్ ఓడలు కెనడా గోధుమలను గ్రీసుకు చేర్చడం 1942 ద్వితీయార్ధంలోనే మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ సంఘం తన వంతుగా విరాళాలు పోగుచేసి పంపింది.

యుద్ధం ముగిశాక ఇలాంటి సంఘాలు చాలావరకు మూతపడ్డాయి. ఆక్స్‌ఫర్డ్ సంఘం మాత్రం కొనసాగాలని నిశ్చయించుకుని, యుద్ధంవల్లనైనా మరే కారణంవల్లనైనా బాధపడేవారు ఎక్కడున్నా ఆదుకోవడం తన ధర్మమని ప్రకటించింది. 1951లో బీహారు కరవు కోసం విరాళాలు కోరడంతో దాని సహాయం భారతదేశానికి కూడా విస్తరించింది. తంతి చిరునామాగా వాడుకున్న ఆక్స్‌ఫామ్ అనే పొట్టిపేరు 1965లో అధికారిక నామమైంది.

సంస్థకు డబ్బు వచ్చిన దారి కూడా గమనించదగినది. ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లోని 17వ నంబరు ఇంట్లో 1940ల చివరలో మొదలైన దుకాణం, జనం ఇచ్చిన పాతబట్టలు, పుస్తకాలు, ఇంటి సామాన్లు అమ్మి ఆ సొమ్మును సహాయానికి మళ్లించేది. క్రమంగా అలాంటి దుకాణాలు బ్రిటన్ అంతటా వందల సంఖ్యలో వెలిశాయి. అమ్ముడుపోని బట్టలను ఏం చేయాలన్న చిక్కుకు పరిష్కారంగా 1970ల మధ్యలో యార్క్‌షైర్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో వేస్ట్‌సేవర్ అనే కేంద్రాన్ని నెలకొల్పారు. ఉన్ని మిల్లుల ప్రాంతం కావడంవల్ల చిరిగిన బట్టను తిరిగి నూలుగా, దూదిగా మార్చే పనివాళ్ల నైపుణ్యం అక్కడ తరతరాలుగా ఉండేది. వస్తువును పారేయకుండా తిరిగి వాడటం పర్యావరణ సూత్రంగా ప్రచారంలోకి రాకముందే ఈ సంస్థకు అది దైనందిన వ్యాపారం. దాతల అల్మరాల్లో మిగిలినది పేదల ఆకలి తీర్చే సొమ్ముగా మారుతుండగా, చెత్తకుప్పల్లోకి పోవలసిన బట్ట ఆగిపోవడమన్నది ఆ రోజుల్లో ఎవరూ ప్రత్యేకంగా లెక్కగట్టని లాభం.

అయితే ఆక్స్‌ఫామ్‌కు నేలతో, నీటితో నిజమైన పరిచయం కలిగింది దుకాణాల్లో కాదు, పశ్చిమాఫ్రికాలోని సాహెల్‌లో. సహారా ఎడారికి దక్షిణపు అంచున అడ్డంగా సాగే ఈ మెట్టభూముల పట్టీలో 1968 నుంచి 1970ల మొదటి సంవత్సరాల వరకు తీవ్రమైన కరవు నెలకొన్నది. అప్పటి అప్పర్ వోల్టా, అంటే 1984 నుంచి బుర్కినా ఫాసోగా పిలుస్తున్న దేశంలో, యాతెంగా ప్రాంతపు మోసి తెగ రైతులు జొన్న, సజ్జ పండించే నేలలు పైపొర కొట్టుకుపోయి గట్టిబడి, వానచుక్క ఇంకని బండనేలలుగా మారాయి. ఇక్కడ 1960ల తొలి సంవత్సరాల్లోనే ఐరోపా సహాయంతో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. జెరెస్ అనే సంస్థ భారీ యంత్రాలతో లక్ష హెక్టార్లకు పైగా భూమిలో మట్టికట్టలు పోసింది. రైతులను అడగకుండా, వారి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడకుండా పోసిన ఆ కట్టలను ఎవరూ తమవి అనుకోలేదు. మరమ్మతు చేసే నాథుడు లేక కొద్ది సంవత్సరాల్లోనే అవి వానలకు కరిగిపోయాయి. పర్యావరణ పరిరక్షణ పేరుతో పైనుంచి దిగే పథకాల గతికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

1979లో అదే ప్రాంతంలో ఆక్స్‌ఫామ్ సహాయంతో మొదలైన వ్యవసాయ అటవీ పథకం, అంటే పంటనూ చెట్లనూ ఒకే భూమిలో కలిపి పెంచే పథకం, మొదట చెట్లు నాటించాలనే తలపెట్టింది. మొక్కల చుట్టూ వాననీరు నిలిచేలా చిన్న కట్టలు కట్టించగా, రైతులు ఆ తేమలో మొక్కల సంగతి పక్కనపెట్టి జొన్న గింజలు నాటుకోసాగారు. పథకం దారితప్పిందని నిర్వాహకులు భావించి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వారు రైతు కోరికనే దారిగా తీసుకుని తిండిపంటకు ప్రాధాన్యమిచ్చారు. ఆ నిర్ణయమే ఈ పథకాన్ని నిలబెట్టింది. మోసి రైతులు పూర్వం నుంచే చేలలో వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చేవారు. ఆ వరసలు సమోన్నత రేఖ వెంట, అంటే భూమట్టం ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలిపే గీత వెంట సాగితే నీరు ఒక పక్కకు పరుగెత్తకుండా చేనంతా సమంగా పరుచుకుంటుంది. కానీ యాతెంగాలో వాలు అతి స్వల్పం కావడంవల్ల కంటిచూపుతో ఆ గీతను గుర్తించడం సాధ్యం కాదు. ఇందుకు పరిష్కారంగా పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలనూ కొలతకర్రలకు కట్టి, నీటిమట్టం సమానమైన చోట గుర్తుపెట్టే పద్ధతిని ప్రవేశపెట్టారు. తెలుగునాట ఇళ్లు కట్టే మేస్త్రీలు పునాది మట్టం చూసుకోవడానికి వాడేది కూడా ఇదే పద్ధతి. చదువురాని రైతు రెండు రోజుల్లో నేర్చుకోగలిగిన ఆ సాధనం ఖరీదు కొద్ది డాలర్లకు మించలేదు.

రాతివరస పనిచేసే తీరు మట్టికట్టకు భిన్నమైనది. మట్టికట్ట నీటిని పూర్తిగా ఆపాలని చూసి, పెద్దవాన వస్తే తెగిపోతుంది. మోకాలి ఎత్తు కూడా లేని రాతివరస నీటి వేగాన్ని తగ్గించి, సందుల్లోంచి మెల్లగా పోనిస్తుంది. ఆ ఆగడంలో నీరు కొంత ఇంకిపోతుంది, కొట్టుకొచ్చిన ఒండ్రు, ఎండుటాకులు, గడ్డిగింజలు వరసకు ఎగువన పేరుకుని కొన్నేళ్లలో నేల లేస్తుంది. ఇదే కాలంలో ఆ ప్రాంత రైతు యకూబా సవాడోగో, జాయ్ అనే పూర్వపు గుంతల పద్ధతిని తన సొంత ప్రయోగాలతో మెరుగుపరిచాడు. వేసవిలోనే గట్టినేలలో గుంతలు తవ్వి పశువుల పెంట వేస్తే చెదలు చేరి నేలను గుల్లచేస్తాయి, తొలివానకే గింజ మొలకెత్తుతుంది. రాతివరసలూ జాయ్ గుంతలూ తోడై వదిలేసిన భూములను తిరిగి సాగులోకి తెచ్చాయి. ఆ గుంతల్లో పెంటతోపాటు వచ్చిన విత్తనాల నుంచి చెట్లూ లేచాయి, అంటే పథకం మొదట ఆశించిన చెట్టు జొన్న వెనుకనే వచ్చింది. సవాడోగోకు 2018లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది. ఆ జ్ఞానం రైతులది. దానికి గొట్టం, శిక్షణ, రాళ్లు మోయడానికి బండి సమకూర్చడం వరకే బయటి సంస్థ పాత్ర. రాళ్లు దూరమైన ఊళ్లలో రవాణా భారమై, ఆ బరువు తరచుగా స్త్రీల తలల మీదకు వచ్చిందన్నదీ మరచిపోరాని నిజం.

యాతెంగా పాఠం తర్వాతి పనుల్లో పలు రూపాల్లో కనిపిస్తుంది. 2009లో ఇథియోపియాలోని తిగ్రాయ్‌లో, అడి హా అనే ఊరిలోని 200 కుటుంబాలతో ఆక్స్‌ఫామ్ అమెరికా, స్థానిక సంస్థలు కలిసి టెఫ్ అనే చిరుధాన్యపు పంటకు వాతావరణ బీమాను ప్రవేశపెట్టాయి. వాన ఒక నిర్ణీత కొలతకు తగ్గితే నష్టాన్ని విడిగా మదింపు చేయకుండానే పరిహారం చెల్లించే ఈ బీమాకు, డబ్బులేని రైతులు గట్లు వేయడం, నేలను కాపాడటం వంటి శ్రమరూపంలో ప్రీమియం కట్టే వీలు కల్పించారు. తెలుగునేలకు నేరుగా సంబంధమున్న ప్రయత్నం వరిసాగులో జరిగింది. మడగాస్కర్‌లో ఫ్రెంచి మతగురువు ఆన్రీ ద లోలానియే 1980లలో రూపొందించిన శ్రీ పద్ధతిని, అంటే లేతనారును ఒక్కొక్క మొక్కగా ఎడంగా నాటి, మడిలో నీరు నిలవకుండా ఆరుతడులిస్తూ పండించే వరిసాగును, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2003 ఖరీఫ్ నుంచి రైతుల పొలాల్లో ప్రయోగించింది. 2010లో ఆక్స్‌ఫామ్ అమెరికా, ఆఫ్రికేర్ అనే సహాయ సంస్థ, పటాన్‌చెరులోని డబ్ల్యుడబ్ల్యుఎఫ్-ఇక్రిశాట్ పథకం కలిసి మాలి, వియత్నాం, భారతదేశాల అనుభవాలను ఒకచోట చేర్చి హైదరాబాదు నుంచి నివేదిక ప్రచురించాయి. తక్కువ నీటితో ఎక్కువ వడ్లన్న దాని సారాంశం బోర్లు అడుగంటిన తెలంగాణ, రాయలసీమ రైతులకు కొత్తగా చెప్పనక్కరలేనిది.

పొలంలో ఇంత శ్రమించినా వానలే గతి తప్పుతున్నప్పుడు రాళ్లు పేర్చడం ఒక్కటే చాలదు. ఈ గ్రహింపు 2007 నుంచి ఆక్స్‌ఫామ్ స్వరాన్ని మార్చింది. మారిన వాతావరణానికి తట్టుకునేలా పేద దేశాలు తమ సేద్యాన్నీ, నీటివసతులనూ మలచుకోవడానికి ఏటా కనీసం 5,000 కోట్ల డాలర్లు కావాలని, ఆ ఖర్చును ఉద్గారాలకు కారకులైన దేశాలే భరించాలని ఆ ఏడాది అది లెక్కచెప్పింది. 2012లో ఆ సంస్థలోనే పనిచేస్తున్న ఆర్థికవేత్త కేట్ రావర్త్, మనిషి కనీస అవసరాలు లోపలి అంచుగా, భూమి భరించగల హద్దు బయటి అంచుగా ఉన్న వలయాన్ని గీసి, మానవజాతి ఆ రెంటి నడుమ బతకాలని ప్రతిపాదించింది. 2020లో స్టాక్‌హోమ్ పర్యావరణ సంస్థతో కలిసి వెలువరించిన నివేదిక ప్రకారం, 1990 నుంచి 2015 వరకు వెలువడిన ఉద్గారాల్లో 52 శాతం ప్రపంచ జనాభాలో అత్యంత సంపన్నులైన 10 శాతం మందివి. నిరుపేదలైన సగం జనాభా వాటా 7 శాతం. దేశాల లెక్కను మనుషుల లెక్కగా మార్చడంలో ఈ నివేదిక విలువ ఉన్నది, ఎందుకంటే పేద దేశంలోని ధనికుడికీ ధనిక దేశంలోని పేదవాడికీ మధ్య తేడా దేశాల సగటుల వెనుక దాగిపోతుంది.

చెట్లు నాటితే చాలన్న మాటను కూడా ఆ సంస్థ అంగీకరించలేదు. తాము వదిలే కర్బనానికి సమానమైన కర్బనాన్ని పీల్చే అడవులు పెంచుతామని, తద్వారా నికర ఉద్గారాలు సున్నా అవుతాయని ప్రభుత్వాలు, కంపెనీలు చేసే వాగ్దానాలను 2021లో పరిశీలించి, భూమి ద్వారానే ఆ లక్ష్యం చేరాలంటే 160 కోట్ల హెక్టార్లు, అంటే భారతదేశ వైశాల్యానికి సుమారు అయిదు రెట్లు కొత్త అడవి కావాలని తేల్చింది. అంత నేల ఖాళీగా ఎక్కడా లేదు. చిన్నరైతుల చేలు, గిరిజనుల పోడుభూములు, పశువుల బీళ్లే అందుకు బలి అవుతాయి. చెట్టుకంటే జొన్నను ముందుంచిన యాతెంగా రైతుల పక్షాన ఒకప్పుడు నిలిచిన సంస్థ ఇలా వాదించడంలో పొంతన ఉన్నది.

ఇతరులను లెక్క అడిగే సంస్థ తన లెక్కా చెప్పవలసి ఉంటుంది. 2010 భూకంపం తర్వాత హైతీలో సహాయానికి వెళ్లిన కొందరు ఉద్యోగులు స్త్రీలను లైంగికంగా దోచుకున్న వైనం 2018లో బయటపడినప్పుడు వేలమంది దాతలు తప్పుకున్నారు. బ్రిటన్ ధర్మసంస్థల నియంత్రణ మండలి 2019లో తీవ్రంగా తప్పుపట్టింది. ఆపన్నులపై చెలాయించే అధికారమే ఆ అకృత్యానికి మూలం కనుక, దాన్ని పర్యావరణ పనికి సంబంధంలేనిదిగా విడదీసి చూడటం సరికాదు. పాతబట్టల వ్యాపారానికీ మరో పార్శ్వం ఉన్నది. ఆఫ్రికాకు తరలే పాతబట్టలు అక్కడి చేనేతను, మిల్లులను దెబ్బతీస్తున్నాయన్న విమర్శను ఆక్స్‌ఫామ్ 2005లో స్వయంగా అధ్యయనం చేయించి, సెనెగల్‌లో ఆ బట్టలను స్థానికులే వేరుచేసి అమ్ముకునే సంస్థకు తోడ్పడింది. చౌక ఫ్యాషన్ బట్ట కుప్పలుగా పెరిగిన ఈ కాలంలో అంతమాత్రంతో ఆ సమస్య తీరలేదు; కొత్తబట్ట కొనడమే తగ్గించమంటూ 2019 నుంచి సెప్టెంబరు నెలలో అది చేస్తున్న ప్రచారం సమస్య మూలానికి కాస్త దగ్గరగా వెళ్లింది.

విమానాలు, డీజిల్ జనరేటర్లు, జీపులు లేకుండా విపత్తు సహాయం జరగదు కనుక, మొత్తం సహాయ రంగానికే వర్తించేలా రెడ్‌క్రాస్ సంస్థల చొరవతో 2021లో రూపొందిన వాతావరణ, పర్యావరణ ఒడంబడికలో ఏడు వాగ్దానాలున్నాయి. తమ పనివల్ల ప్రకృతికి కలిగే హానిని తగ్గించుకోవడం వాటిలో ఒకటి కాగా, స్థానికుల నాయకత్వాన్ని అంగీకరించడం మరొకటి. మొదటిదాన్ని కొలవడానికి పద్ధతులున్నాయి. యాతెంగాలో జొన్న నాటిన రైతుల మాట చెల్లినట్లు రెండవది అన్నిచోట్లా చెల్లాలంటే నిధుల మీద నిర్ణయం కూడా స్థానికుల చేతికి రావలసి ఉంటుంది. ఆక్స్‌ఫామ్ అంతర్జాతీయ సమాఖ్య తన ప్రధాన కార్యాలయాన్ని 2010ల చివరలో ఆక్స్‌ఫర్డ్ నుంచి నైరోబీకి మార్చడం ఆ దిశలో పడిన అడుగే అయినా, నిధులు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఉత్తరాది దేశాల నుంచే వస్తున్నాయి.