పనిలో పుట్టిన చదువు: జోడేఘాట్ నుంచి మార్లవాయి దాకా

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్ పోతాం. భీం సమాధికి దండం పెడతాం, డోళ్ళు మోగిస్తాం, సభలో మాటలు విని ఇంటికి వస్తాం. మరునాడు బడిలో "కొమురం భీం ఎవరు?" అని అడిగితే పిల్లలు "తుపాకీ పట్టినవాడు" అంటారు. తప్పు కాదు. కానీ ఆ జవాబు సగమే. తుపాకీ పట్టకముందు ఆయన ఎక్కడెక్కడ ఏ పనులు చేశాడు, ఆ పనుల్లో ఏం నేర్చుకున్నాడు అన్నది మిగతా సగం. పాఠం చెప్పేవాడిగా నాకు ఆ సగమే ఎక్కువ అవసరం అనిపిస్తుంది.

అచ్చు యంత్రం దగ్గర, తేయాకు తోటలో

మన పెద్దలు చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. పంట మీద, భూమి మీద గొడవ జరిగి సిద్దిఖ్ అనేవాడు చనిపోయాడు. భీం ఊరు విడిచి చాందా వైపు వెళ్ళాడు. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చుపని నడిపేవాడు. భీం ఆయన దగ్గర పనికి కుదిరాడు. చేసింది కూలి పనే. కానీ ఆ చోట చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం పోయి తేయాకు తోటల్లో కొన్నేళ్ళు పనిచేశాడు. తిరిగి వచ్చి కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర ఉన్నప్పుడు, పటేల్ భూమి వ్యాజ్యంలో కాగితాలు చూసి, కచేరీకి తిరిగి సాయపడ్డాడు.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. భీం బడికి పోలేదు. అక్షరం ఆయనకు అచ్చుపనిలో దొరికింది. తేయాకు తోటలో దూరదేశపు కూలీలను చూశాడు. కష్టం మన గూడెంలో ఒక్కటే లేదని, అది మన తలరాత కాదని అక్కడే తెలిసి ఉంటుంది. కాకన్‌ఘాట్‌లో కచేరీ కాగితం ఎట్లా నడుస్తుందో చూశాడు. ఈ మూడూ కలిసిన తర్వాతనే పన్నెండు గూడేల మాట వచ్చింది, జల్ జంగల్ జమీన్ అన్న మాట వచ్చింది. హైదరాబాదు పోయి నిజాంను కలవాలని చూసింది కూడా కాగితం విలువ తెలిసినవాడు కనుకనే. కలవనివ్వలేదు. 1940లో జోడేఘాట్ కొండ మీద ఆయనను, ఆయన వెంట ఉన్నవాళ్ళను కాల్చి చంపారు.

వెట్టి కూడా పనే కదా?

ఒక యువకుడు నన్ను ఇట్లా అడిగాడు: "సార్, పని చేస్తే ఆలోచన పెరుగుతుందంటారు. మన తాతలు బతుకంతా పనే చేశారు. మరి వాళ్ళు ఎందుకు మోసపోయారు?"

మంచి ప్రశ్న. నిజాం కాలంలో మనవాళ్ళు వెట్టి చేశారు. అధికారి వస్తే సామాను మోశారు, జంగ్లాతు వాళ్ళకు కట్టెలు కొట్టారు. వెట్టిలో చెయ్యి కదులుతుంది. ఎందుకు చేస్తున్నావో, ఎంత చెయ్యాలో, ఫలం ఎవరిదో అడిగే హక్కు ఉండదు. అడగలేని పనిలో ఆలోచన పెరగదు. సొంత చేనులో మాత్రం ప్రతి పనికీ నిర్ణయం ఉంటుంది: ఏ గింజ, ఏ రోజు, ఏ వాలున. కాబట్టి తాతలకు ఆలోచన లేదనడం తప్పు. వాళ్ళ ఆలోచనను కాగితం మీద ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పట్టా లేదు, వేలిముద్ర మాత్రం ఉంది.

మార్లవాయి గుడిసెలో మొదటి గురువులు

జోడేఘాట్ తర్వాత ప్రభుత్వం మన కొండల వైపు చూడక తప్పలేదు. వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు ఆ రోజుల్లోనే వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. ఆ ఊరు ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది.

ఆయన పేరు మనం తరచు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. 1987లో బెట్టీ చనిపోయినప్పుడు ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు, తర్వాత ఆయన గుర్తు కూడా ఆమె పక్కనే చేరింది. ఈ రోజుకూ ఊరివాళ్ళు జనవరి 11న వర్ధంతి చేస్తారు. కానీ ఆ గుడిసెలో కూర్చుని నేర్చుకున్న మనవాళ్ళ గురించి తక్కువగా మాట్లాడుకుంటాం.

వాళ్ళు ఎవరు? చేను దున్నుకునే గోండు యువకులు. అప్పటికి మనలో చదువు వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్క, వచ్చినవాళ్ళకూ కొద్దిపాటి మరాఠీయే. అందుకే గోండి వాచకాలను దేవనాగరి అక్షరాల్లో తయారుచేశారు. అంతకుముందు గోండిలో పాఠం చెప్పిన బడి లేదు కనుక చూసి రాసుకునే నమూనా కూడా లేదు. గోండి మాట్లాడే పిల్లకు గోండిలో లెక్క ఎట్లా చెప్పాలో ఆ గురువు తనే తేల్చుకోవాలి. నేను రెండేళ్ళు డిప్లొమా చదివి వచ్చాను. పుస్తకాలు ఉన్నాయి, చార్టులు ఉన్నాయి. అయినా మొదటి నెల తడబడ్డాను. ఏమీ లేని రోజుల్లో వాళ్ళు నిలబడి చెప్పారు. చెబుతూ చెబుతూ తామే ఎదిగారు. అక్కడ చదివినవాళ్ళలో కొందరు తర్వాత సర్కారు నౌకర్లయ్యారు. మన మనిషే కాగితం చదివి చెప్పే రోజు అట్లా వచ్చింది.

1956 తర్వాత మన ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, బడి భాష తెలుగు అయింది. గోండి వాచకాలు వెనక్కి పోయాయి. తెలుగు వల్లనే నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నాను, కాదనను. కానీ ఇంటి పనికి, ఇంటి మాటకు బడి దూరమైంది కూడా ఆ దారిలోనే.

పదమూడా, పద్నాలుగా?

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు బాపుతో పత్తి అమ్మడానికి పోయాను. కాంటా అయ్యాక వ్యాపారి చీటీ ఇచ్చాడు. చదువుకున్నవాణ్ణి కదా, గర్వంగా చదివాను: "పదమూడు బోరాలు." బాపు తల అడ్డంగా ఊపాడు. "పద్నాలుగు" అన్నాడు. నాకు సిగ్గేసింది. చదువు రాని మనిషి రాసిన కాగితాన్ని కాదంటున్నాడే అనుకున్నాను. బాపు కదల్లేదు. ప్రతి బోరా వీపు మీద మోసి బండికి ఎక్కించిన మనిషి ఆయన. ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు కూడా పెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టమని పట్టుబడితే పక్కకు జరిపిన బోరా ఒకటి బయటపడింది. "పొరపాటు" అన్నారు.

ఆ రోజు నాకు తెలిసింది ఇది: నేను చీటీని చదివాను, బాపు చీటీని పరీక్షించాడు. బాపుకు అక్షరం కావాలి, నాకు ఆ అనుమానం కావాలి. రెండూ ఒకే మనిషిలో ఉండాలి. మన బడుల లక్ష్యం ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు.

తాడుతో ఒక పాఠం

పిల్లలను బడి మాన్పించి పనికి పంపమని నేను అనడం లేదు. పనిని బడిలోకి తెమ్మంటున్నాను. నా తరగతిలో వైశాల్యం పాఠం వచ్చినప్పుడు 33 అడుగుల తాడు తెచ్చాను. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉంటే ఒక గుంట. 40 గుంటలైతే ఎకరం. బడి ఆవరణ కొలిచాం. అప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, మా చేను కొలిస్తే పట్టాలో రాసినంత వస్తదా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆదివారం ఆమె, ఆమె అన్న, తండ్రి కలిసి తాడు పట్టుకున్నారు. రెండు ఎకరాల పది గుంటలు వచ్చింది. కాగితంలో ఎకరం ముప్పై గుంటలే ఉంది. అర్జీ ఆ అమ్మాయే రాసింది. నేను అక్షర దోషాలు మాత్రం దిద్దాను. తండ్రి వేలిముద్ర వెయ్యలేదు. కూతురు నేర్పిన సంతకం పెట్టాడు. ఆ పని ఇంకా తేలలేదు, తిరుగుతూనే ఉన్నారు. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు ఏ కాగితం వచ్చినా ముందు చదువుతారు, తర్వాత కొలుస్తారు.

డిప్లొమా పూర్తి చేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన గూడేల్లో చాలామంది ఉన్నారు. నౌకరి రావాలి, అడగాలి, కొట్లాడాలి. అందాకా చేను పనికి సిగ్గుపడకండి. ఊరిలో ఎవరి పట్టా ఎట్లా ఉందో చదివి చెప్పండి. ఉపాధి హామీ పనిలో ఎన్ని రోజులు రాశారో, ఎన్ని రోజుల కూలి పడిందో సరిచూడండి. మార్లవాయిలో మొదటి గురువులు చేసింది కూడా ఇటువంటి పనే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. ఈసారి జోడేఘాట్ పోయివచ్చాక పిల్లలను "భీం ఎట్లా చనిపోయాడు?" అని మాత్రమే అడగకండి. "భీం ఏమేం పనులు చేశాడు, ఒక్కో పనిలో ఏం నేర్చుకున్నాడు?" అని కూడా అడగండి. అడిగి, చేతికి ఒక తాడు ఇవ్వండి.