మదనపల్లెలో ఒక ఐరిష్ కాపురం

ఫోన్ తెరిస్తే చాలు, ఒక అమెరికా మొగుడూ ఒక థాయ్ పెళ్ళామూ ప్రత్యక్షమవుతారు. జంటలు మారతాయి గానీ కథ మారదు. ఆవిడ పచ్చిబొప్పాయి సలాడ్‌లోకి మిరపకాయలు దంచుతుంది, ఆయన ఒక్క ముద్ద తిని నీళ్ళకోసం పరుగెత్తుతాడు. ఆయన బూట్లతో ఇంట్లోకొస్తాడు, ఆవిడ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. మనకి నవ్వొస్తుంది. ఎందుకంటే మిరపకాయ విషయంలోనూ చెప్పుల విషయంలోనూ రాయలసీమ మొత్తం థాయ్ పక్షమే.

ఇలాంటి కాపురాల మీద ఎవరైనా చరిత్ర రాస్తే, అందులో ఒక అధ్యాయం మన పాత చిత్తూరు జిల్లాకి దక్కాలి. జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ మదనపల్లెలో కాపురం ఉన్నారు. ఇద్దరూ ఐరిష్ వాళ్ళే. ఆయన 1873లో బెల్‌ఫాస్ట్‌లో, ఆవిడ 1878లో బాయిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. కాబట్టి ఇక్కడ తేడా మొగుడికీ పెళ్ళానికీ మధ్య కాదు, ఇంటికీ ఊరికీ మధ్య. అయితే వాళ్ళ విషయంలో ఒక తమాషా ఉంది. సొంత ఊళ్ళో వింతగా అనిపించిన వాళ్ళ అలవాటు ఒకటి, పరాయి ఊళ్ళో మామూలైపోయింది.

ఆ అలవాటు శాకాహారం. 1903లో డబ్లిన్‌లో వాళ్ళ పెళ్ళి విందే మాంసం లేకుండా జరిగింది. బంగాళాదుంపతో పాటు మాంసం ఉంటేనే భోజనం అనుకునే దేశంలో అది పెద్ద విడ్డూరం. 1904 జూన్‌లో వాళ్ళింటికి ఒక కుర్రాడు అతిథిగా వచ్చాడు. బస లేదు, చేతిలో డబ్బుల్లేవు. రెండు మూడు రోజులు ఉండి, ఆ కూరగాయల భోజనం కడుపుకి పడలేదని, టర్నిప్ దుంప మీద నెపం పెట్టి వెళ్ళిపోయాడు. పేరు జేమ్స్ జాయిస్. అన్నం పెట్టిన ఇంటివాడని కూడా చూడకుండా, 1912లో ఒక వ్యంగ్య కవితలో కజిన్స్ కవిత్వాన్ని చెండాడాడు. ఆధునిక సాహిత్యంలో అంతటివాడిని అన్నం పెట్టి పంపిన ఇల్లాలు తర్వాత మదనపల్లెకి వచ్చింది. అక్కడ మాంసం ముట్టని ఇల్లంటే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

రెండో విడ్డూరం జైలు. మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు, పియానో వాయించేది. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐర్లండ్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం సంఘం పెట్టింది. 1910లో లండన్‌లో హాలోవే జైలుకి వెళ్ళింది. 1913లో డబ్లిన్‌లో ప్రభుత్వ భవనం కిటికీల అద్దాలు పగలగొట్టి మళ్ళీ వెళ్ళింది. జైలుకి ఆవిడ, ఇంటి దగ్గర ఆయన. జాతీయోద్యమ కాలపు మన కథల్లో మొగుడు జైలుకి పోతే పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంది కదా, ఇక్కడ అది తిరగబడింది. ఆయన దానికి చిన్నబుచ్చుకున్న మనిషి కాదు, ఉద్యమంలో ఆమె పక్షాన నిలబడ్డవాడే.

1915లో అనిబిసెంట్ పిలుపుతో ఇద్దరూ మద్రాసు వచ్చారు. ఆయన న్యూ ఇండియా పత్రికలో చేరాడు. మరుసటి ఏడాది డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగితే దాన్ని మెచ్చుకుంటూ రాశాడు, ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు బిసెంట్ ఆయన్ని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకి పంపింది. ఆ కాలేజీ పెట్టి అప్పటికి ఏడాదే. చిత్తూరు జిల్లా ఏర్పడి అయిదేళ్ళు. ఆయన అక్కడే పాఠాలు చెప్పి, ప్రిన్సిపాల్ అయ్యాడు.

మార్గరెట్ మదనపల్లెలో ఆడవాళ్ళతో కలిసి పనిచేసిన సంఘం పేరు వింటే నవ్వాగదు: అబలా అభివర్ధని సమాజం. కిటికీలు పగలగొట్టి రెండు జైళ్ళు చూసొచ్చిన మనిషి 'అబలల' సమాజంలో కూర్చుంది! పేరు ఏదైనా పని ముఖ్యం అనుకుందేమో. ఆ అనుభవంతోనే 1917లో అడయారులో భారత మహిళా సంఘం స్థాపనలో పాలుపంచుకుంది. ఆ డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో కొందరు స్త్రీలు మద్రాసులో మాంటేగుని కలిసి ఓటు హక్కు అడిగారు. ఆ ప్రయత్నం వెనక ఉన్నది మార్గరెటే. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకి ఓటు ఇచ్చింది.

1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఈ దంపతుల అతిథిగా మదనపల్లెలో ఉన్నాడు. ఆయన పాడిన జనగణమనకి మార్గరెట్ స్వరలిపి రాసుకుంది, ఆయన అక్కడే 28న ఇంగ్లీషు అనువాదం చేశాడు. ఈ కథ మదనపల్లెలో అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ఇది ఒక ఇంటి కథలా కూడా కనిపిస్తుంది. కవిని పాడమని అడిగింది మొగుడు, విని కాగితం మీద పెట్టింది పెళ్ళాం.

1950లో వీళ్ళిద్దరి ఆత్మకథ మద్రాసులో గణేష్ అండ్ కో ప్రచురించింది. పేరు 'వుయ్ టూ టుగెదర్', అంటే మేమిద్దరం కలిసి. ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా రాసుకుంటూ పోయారు. పెళ్ళయిన మొదటి ఏడాది దాంపత్యంలోని శారీరక సంగతులు తనని ఎంత కలవరపెట్టాయో కూడా మార్గరెట్ దాచకుండా రాసింది. భార్యాభర్తల తమాషా కథలు సాధారణంగా ఒకరే చెప్తారు, రెండోవాళ్ళు అందులో పాత్ర మాత్రమే. ఇక్కడ ఇద్దరి చేతిలోనూ కలం ఉంది. అందుకే ఆ కాపురం ఎవరో ఒకరి జోకు కింద మిగిలిపోలేదు.

అయితే కథంతా నవ్వులే కాదు. ఇదే దివ్యజ్ఞాన సమాజంలో, అదే రోజుల్లో, నిజంగానే రెండు సంస్కృతుల పెళ్ళి ఒకటి జరిగింది. 1920లో జార్జ్ అరండేల్ అనే ఇంగ్లీషాయన, రుక్మిణి అనే తమిళ బ్రాహ్మణ అమ్మాయి పెళ్ళి చేసుకున్నారు. ఆయనకి నలభయ్యొకటి, ఆమెకి పదహారు. మద్రాసు భగ్గుమంది. అక్కడ కుదరక బొంబాయి వెళ్ళి రిజిస్టర్ చేసుకున్నారు. ఈరోజు మనకి ముందు గుచ్చుకునేది వయసు తేడా. అప్పటివాళ్ళని మండించింది అది కాదు. ఆడపిల్ల పెళ్ళికి కనీసం పద్నాలుగేళ్ళుండాలని చట్టం రావడానికే ఇంకా తొమ్మిదేళ్ళు పట్టింది. మండించింది కులం, తెల్లతోలు. ఆ రుక్మిణే తర్వాత కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి.

రెండు కాపురాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. కజిన్స్ దంపతులు టర్నిప్ దుంపలు తిన్నా, పియానో వాయించినా, జైలుకెళ్ళినా అది వింత దొరల ముచ్చట. ఎందుకంటే వాళ్ళు ఎవరి పిల్లనీ చేసుకోలేదు, ఎవరి వంశాన్నీ కదిలించలేదు. అరండేల్ ఇంట్లో కూడా ఎవరి తిండి వండాలి, ఎవరి పద్ధతిలో కూర్చోవాలి అన్న తమాషాలు ఉండే ఉంటాయి. కానీ వాటికి నవ్వే తీరిక లోకం వాళ్ళకివ్వలేదు. ఒక కాపురం హాస్యమా రభసా అన్నది కాపురం చేసే ఇద్దరి చేతిలో మాత్రమే లేదు. పెళ్ళివల్ల తమకేం పోతుందోనని లెక్కలేసుకునే చుట్టుపక్కలవాళ్ళ చేతిలోనూ ఉంది.

ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. తిరుపతిలో తెల్ల అమ్మాయి పట్టుచీర కట్టి తలంబ్రాలు పోస్తే ఫోటో పేపర్లో వస్తుంది. ఆమె 'అత్తయ్యా' అని వంకరగా పలికితే ఇల్లంతా మురిసిపోతుంది. అదే ఇంటి కొడుకు పలమనేరులోనో పుంగనూరులోనో తన భాష మాట్లాడే, తన కారమే తినే, ఊరవతల వాడలో పుట్టిన అమ్మాయిని తెస్తానంటే? అక్కడ కూరలో తేడా లేదు, మాటలో తేడా లేదు. నవ్వుకోడానికి ఏమీ లేకపోవడమే కాదు, కొన్నిసార్లు ఆ ఇద్దరూ పోలీసు స్టేషనుకెళ్ళి రక్షణ అడగాల్సొస్తుంది. దూరం ఎక్కువైన కొద్దీ నవ్వు పెరిగి, దగ్గరైన కొద్దీ కోపం పెరగడం సంస్కృతుల తేడా కాదు, కులం చేసే పని.

1932లో మార్గరెట్ అత్యవసర ఆర్డినెన్సులని వ్యతిరేకించి మూడోసారి జైలుకెళ్ళింది. ఈసారి ఐర్లండ్ కోసం కాదు, మన కోసం. శిక్ష ఏడాది, జైలు వెల్లూరు, మన చిత్తూరుకి గంట బస్సు దూరం. ఆవిడ 1954లో పోయింది. ఆయన 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. పరాయివాళ్ళని అంత మామూలుగా కలుపుకున్న నేల అది. తనవాళ్ళిద్దర్ని కలవనివ్వడం దానికి ఇంకా కష్టంగానే ఉంది.