పల్లెల్లో బడి ఈడుకు రాని పిల్లల పోషణ: హైదరాబాద్ పరిశోధనలు

హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఐదేళ్లలోపు పిల్లల తిండి మీద 1960ల నుంచి సాగిన పరిశోధనలకు కేంద్రం తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధన కోసం నడిపిన చిన్న ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో ఈ పేరు పెట్టుకుంది.

అప్పట్లో పోషకాహార నిపుణుల నోట ఎక్కడ చూసినా ప్రోటీన్ మాటే. ఒళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారే క్వాషియోర్కర్‌కు ప్రోటీన్ లోటు, ఎముకల గూడులా చిక్కిపోయే మరాస్మస్‌కు కెలొరీల లోటు కారణమని పాఠ్యపుస్తకాలు విడదీసి చెప్పేవి. ఈ సంస్థకు చెందిన సి. గోపాలన్ బృందం పల్లె పిల్లలను చాలాకాలం గమనించి, ఈ రెండు జబ్బుల్లో ఏది వచ్చిన పిల్లలైనా అంతకుముందు తిన్న తిండిలో చెప్పుకోదగ్గ తేడా లేదని 1968లో తేల్చింది. అన్నం, రొట్టె, కాస్త పప్పు తినే ఇళ్లలో ప్రోటీన్ వాటా మరీ తీసికట్టు కాదు. చాలనిది మొత్తం తిండి. కెలొరీలు చాలనప్పుడు తిన్న కొద్దిపాటి ప్రోటీన్‌ను కూడా ఒళ్లు శక్తి కోసమే ఖర్చు చేసేస్తుంది.

ఈ వాదనను పల్లెలోనే పరీక్షించి చూశారు. గోధుమపిండి, పంచదార, వంటనూనె కలిపి చేసిన తినుబండారాన్ని ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలకు 14 నెలల పాటు రోజూ పెట్టారు. అందులో దాదాపు 310 కెలొరీలుంటే ప్రోటీన్ మాత్రం 3 గ్రాములే. అయినా ఆ పిల్లలు, అది అందని తోటివారికన్నా ఎత్తులోనూ బరువులోనూ ఎక్కువగా పెరిగారు. 1973లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మరుసటి ఏడాదే పోషకాహార శాస్త్రవేత్త డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ వైద్య పత్రికలో ప్రోటీన్ మోజును ఘోర వైఫల్యంగా ఎండగట్టాడు. పాలపొడులు, ప్రత్యేక పిండుల మీద ప్రపంచ సంస్థలు అప్పటికే చాలా సొమ్ము పోశాయి.

ఈలోగా ప్రభుత్వం తరఫున 1970–71లో ప్రత్యేక పోషకాహార పథకం, 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయ్యాయి. అంగన్‌వాడీలో బిడ్డకు రోజుకు 300 కెలొరీలు, 8–10 గ్రాముల ప్రోటీన్ అన్నది తొలి లెక్క. 2009లో దాన్ని 500 కెలొరీలకు పెంచారు. 2013 ఆహార భద్రతా చట్టం ఈ తిండిని హక్కుగా మార్చింది.

ఈ పథకం తిండి నిజంగా పనిచేస్తుందా అన్నదానికి మంచి ఆధారం కూడా ఇక్కడిదే. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెలను ఎంచుకుని, కొన్నింట్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న–సోయా పిండితో ఉప్మా వండి పెట్టారు. మిగతా పల్లెలకు పథకం ఇంకా చేరలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వారయ్యాక కొలిస్తే, ఉప్మా అందిన ఊళ్ల వారు మిగతా ఊళ్ల వారికన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ఇది చిన్న తేడాలాగే కనిపిస్తుంది. అయితే వారి రక్తనాళాల బిరుసు, ఇన్సులిన్ నిరోధకత కూడా తక్కువగా ఉన్నాయి. గుండెజబ్బు, మధుమేహం పెరుగుతున్న చోట ఎత్తుకన్నా ఇదే లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతి.

తిండి బాగా అవసరమైన మూడేళ్లలోపు పసివాళ్లు అంగన్‌వాడీ కేంద్రానికి నడిచి రాలేరు. అందుకే వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనెతో చేసిన బాలామృతాన్ని ఏడు నెలల నుంచి మూడేళ్ల వరకు పిల్లల ఇళ్లకు ఇస్తున్నారు. తియ్యటి పిండి కాబట్టి అన్నకూ అక్కకూ కూడా పంచాల్సి వస్తుంది, అప్పుడు ఎవరి పేరున ఇచ్చారో ఆ బిడ్డ వాటా తగ్గుతుంది.