ఆంధ్రేతర ప్రాంతములందలి తెలుగు కతోలికులు: విచారణ జీవితము, విశ్వాసములు, వాడుక మాటలు

ప్రవాసాంధ్రులను గూర్చి వ్రాయబడిన గ్రంథములలో నాయకరాజుల వెంట దక్షిణమునకు వెడలిన సేనానులు, కరిసల్ భూములను సాగుచేసిన రైతులు, నేతపనివారు, వర్తకులు తఱచుగా కానవత్తురు. ఆ జనములో కొందఱు కతోలిక క్రైస్తవులుగా కూడ ఉండిరనియు, నేటికిని ఉన్నారనియు గుర్తించిన వ్రాతలు కొలదిగా మాత్రమే కలవు. అందుచేత మన సంఘముల సభలలో వీరు ప్రక్కన కూర్చున్నప్పుడు తోడి తెలుగువారు కొన్ని ప్రశ్నలు అడుగుట పరిపాటి. మీరు మరియమ్మను దేవతగా కొలుతురా? బొట్టు, తాళి ఎట్లు నిలుపుకొంటిరి? గురువు చెవిలో పాపములు చెప్పుకొనుట ఎందులకు? విచారణ యనగా నేమి? ఈ ప్రశ్నలలో సగమునకు సమాధానము వేదశాస్త్రమునందుకంటె చరిత్రయందే దొరకును.

మొదట విచారణ యను మాటనే చూతము. తెలుగు కతోలికులు ఒక గురువు పాలనలోనున్న గ్రామ సముదాయమును 'విచారణ' యందురు. పొరుగు తమిళ కతోలికులును దానిని 'విచారణై' యనియే వ్యవహరించిరి. ఇది కాకతాళీయము కాదు. జ్ఞానస్నానము, పాపసంకీర్తనము, ఉత్తరించు స్థలము, దేవద్రవ్యానుమానములు, అర్చ్యశిష్టులు, సర్వేశ్వరుడు, మేత్రాణులు: తెలుగు కతోలికుల ఈ పారిభాషిక పదములన్నిటికిని సరియగు జంట పదములు పాత తమిళ కతోలిక గ్రంథములలో నున్నవి. 1606లో మధుర చేరి, సన్న్యాసి వేషము ధరించి, తమిళ తెలుగు సంస్కృతములు నేర్చిన రాబర్టు డి నోబిలి స్వామి, ఆయన తరువాతి వారును సంస్కృతమునుండి మలచుకొనిన పదజాలమిది. మధురను అప్పుడేలుచున్న నాయకుల భాష తెలుగే యను సంగతి మఱవరాదు. కొన్ని మాటలు ఇంకను దూరమునుండి వచ్చినవి. పీఠాధిపతిని దెలుపు 'మేత్రాణి', క్రీస్తు మ్రానును దెలుపు 'స్లీవ' అను రెండును మలయాళదేశపు సురియాని క్రైస్తవుల భాషనుండి తమిళము మీదుగా మనకు జేరినవి. ప్రొటెస్టంటులు 'బాప్తిస్మ' మనగా కతోలికులు 'జ్ఞానస్నాన' మనుటకు కారణమీ వంశవృక్ష భేదమే. తెలుగు కతోలికుడు నోరు విప్పినంతనే తన పూర్వుల దారి చెప్పకయే చెప్పినవాడగును.

మధుర మిషనుకు ఉత్తరముగా, పుదుచ్చేరి ఆధారముగా, ఫ్రెంచి జేసుసభవారు 18వ శతాబ్ది ఆరంభమున కర్ణాటక మిషనును నెలకొల్పిరి. పుంగనూరు, వెంకటగిరి, కృష్ణాపురము, చిన్నబళ్ళాపురము వీరి ముఖ్య స్థానములు. నేటి రాష్ట్రముల యెల్లలతో చూచినచో ఇవి ఆంధ్ర కర్ణాటకములలో చెదరియున్నట్లు తోచును గాని, ఆనాడు ఇది పాళెగాండ్ర ఏలుబడిలో తెలుగు విరివిగా పలుకు ఒకే సీమ. చిన్నబళ్ళాపురము నేడు కన్నడ రాష్ట్రమున జిల్లా కేంద్రమైనను అచ్చటి పల్లెలలో తెలుగు ఇప్పటికిని వినబడును. ఈ స్వాములు కావి కట్టి, మాంసము మాని, సన్న్యాసుల వలె మెలగిరి. వారిలో పండితులు కొందఱు. కాల్మెత్ స్వామి 1730 ప్రాంతములలో వేదముల వ్రాతప్రతులను సేకరించి పారిసు రాజగ్రంథాలయమునకు పంపెను. కెర్దూ స్వామి తెలుగు నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకు లాటిను గ్రీకులతో చుట్టఱికము కలదని 1767లో పారిసు పండిత పరిషత్తునకు వ్రాసెను. ఆ లేఖ 1808 వఱకు అచ్చుకాకపోవుటచే ఆ కీర్తి 1786లో అదే మాట చెప్పిన విలియం జోన్సు దొరకు దక్కినది. తెలుగుసీమలో తెలుగు పండితుల చెంత చదివి తేల్చిన సంగతి యిది. మనవారు దీనిని తగినంతగా చాటుకొనలేదని నా యభిప్రాయము.

ఆ శతాబ్ది ఉత్తరార్ధమున యుద్ధములును కఱవులును రాయలసీమను అల్లకల్లోలము చేసినవి. జేసుసభ 1773లో రద్దయ్యెను. 1776లో పారిసు పరదేశ ప్రేషితులు ఆ మిషను బాధ్యత స్వీకరించిరి గాని వారి సంఖ్య స్వల్పము. కాపరులు లేని మందవలె క్రైస్తవ కుటుంబములు, అందు విశేషముగా రెడ్లు, కమ్మవారు, తూర్పునకు కదలిరి. కొందఱు గుంటూరు సీమలో నిలిచిరి. కొందఱు చెంగల్పట్టు సీమకు సాగిరి. నేటి తిరువళ్ళూరు జిల్లాలోని కీళచ్చేరి అట్టి తెలుగు కతోలిక కృషీవలుల యూరు. మైసూరు సీమలో మిగిలిన కతోలికుల నడుమ ఆబే ద్యుబువా స్వామి పెక్కేండ్లు తిరిగెను. ఆయన 1823లో స్వదేశము చేరి ప్రకటించిన లేఖలలో ఈ దేశమున క్రైస్తవమునకు భవిష్యత్తు లేదని నిరాశతో వ్రాసెను. గురువు నిరాశపడెను గాని కుటుంబములు జపమాల విడువలేదు.

యానాము కథ వేఱు. అది వలసవచ్చిన తెలుగువారి యూరు కాదు. తెలుగువారు కదలకుండ ఉండగా ప్రభుత్వమే సముద్రము దాటి వచ్చిన యూరు. ఫ్రాన్సులోని సావోయ్ సీమకు నేడు చెందిన ఆన్సీ పట్టణమునుండి సలేసు ఫ్రాన్సిసు సభవారు విశాఖపట్టణ మిషనునకు వచ్చిన కాలముననే, 1846లో, యానామున పునీత అన్నమ్మ గుడి వెలసెను. అన్నమ్మ మరియమ్మకు తల్లి. ఆమె పండుగ జూలై 26. ఆ విశాఖ మిషను ఒకప్పుడు ఉత్కళమును నాగపూరు సీమను కూడ కలుపుకొనియుండెను. నాగపూరు 1887లో వేఱు మేత్రాసనమయ్యెను. ఫ్రెంచి యేలుబడి 1954లో ముగిసి, 1962లో ఒడంబడిక స్థిరపడినను, గుడి గుడిగానే యున్నది.

ఇక తాళి, బొట్టు సంగతి. ఇది పెద్ద వ్యాజ్యమునకే దారితీసినది. పోపుగారి ప్రతినిధియైన తూర్నోను 1704లో పుదుచ్చేరిలో ఒక శాసనము వెలువరించి, దేశాచారములు పెక్కింటిని నిషేధించెను. వినాయకుని రూపముగల తాళి కూడదనెను. పెండ్లిలో కొబ్బరికాయ కొట్టరాదనెను. పేడ కాల్చిన విభూతి పెట్టరాదనెను. స్లీవ గుర్తుగల తాళికి మాత్రము అభ్యంతరము లేకపోయెను. నేడు తెలుగు, తమిళ కతోలిక స్త్రీల మెడలో కనబడు స్లీవ తాళి ఆ రాజీకి ఆనవాలు. ఆ శాసనములోనే నేటి పాఠకుడు మెచ్చుకొనదగిన యంశములును గలవు. బహిష్టు కారణముగా స్త్రీలను గుడికిని పాపసంకీర్తనమునకును దూరముంచరాదని అందున్నది. అస్పృశ్యులనబడిన వారిలో రోగియైనవాని గుడిసెకు గురువు స్వయముగా పోవలెనని యున్నది. ఇవి రెండును ఆచరణలో లేనందుననే శాసింపవలసి వచ్చినదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

వాదము నలువదేండ్లు సాగినది. 1744లో 14వ బెనెడిక్టు పోపుగారు తీర్పుచెప్పి, ఈ దేశమున పనిచేయు ప్రతి గురువును ఆ నియమములకు లోబడి ప్రమాణము చేయవలెనని విధించెను. కడజాతి క్రైస్తవులకై ప్రత్యేక గురువులను ఏర్పఱచుటకు మాత్రము సమ్మతించెను. అనగా కులమును గుడి ద్వారము కడ ఆపలేక, గురువులనే రెండు తెగలుగా చేసిరి. ఆ ప్రమాణము 1940లో గాని రద్దు కాలేదు. 'మీలో కులము కలదా?' యని అడుగువారికి దీనికంటె నిజాయితీగల జవాబు లేదు: ఉండెను, ఉన్నది, దానిని సహించిన పత్రములును ఉన్నవి. ప్రభుత్వమును కులము మతముతో మాఱునని తలంచి, 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువునుండి క్రైస్తవులను మినహాయించినది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి గాని క్రైస్తవులను చేర్చలేదు. గుడిలో కులమును, కచేరిలో కులరాహిత్యమును ఏకకాలమున అనుభవించినవారు దళిత క్రైస్తవులే.

విభూతి మాట వచ్చినది గనుక ఒక విశేషము. పేడ విభూతి వలదన్న శ్రీసభయే తపస్సు కాలమారంభమున, మ్రానికొమ్మలు కాల్చిన బూడిదను నుదుట పెట్టును. ఆ దినము తెలుగులో విభూది బుధవారము. భాష, నిషేధమును ఎఱుగక, తనకు తెలిసిన మాటనే వాడుకొన్నది.

మరియమాతను గూర్చిన ప్రశ్నకు సమాధానము పొట్టిది. ఆరాధన సర్వేశ్వరునికే, పునీతులకును దేవమాతకును చెల్లునది వందనము, వేడికోలు. స్వరూపములకు జేయు గౌరవము అవి సూచించు వ్యక్తికే చేరునని 787లో నికయా మహాసభ నిర్ణయించెను. వేలాంగన్నిలో సెప్టెంబరు 8న, గుణదలలో ఫిబ్రవరి 11న గుమిగూడు జనమునకు ఈ భేదము సూక్ష్మముగ తెలియునా యని శంకించువారు కలరు. తల్లిని సాయమడుగుటకును దేవుని కొలుచుటకును గల భేదము పామరునికి తెలియదనుకొనుట పండితుని దోషమని నేను తలంతును. ఉత్తరించు స్థలమనగా నరకము కాదు; రక్షణ పొందియు పూర్తిగా శుద్ధికాని ఆత్మలు శుద్ధినొందు స్థితి. నవంబరు 2న సమాధులకు పూలు, క్రొవ్వొత్తులు పెట్టుట ఆ విశ్వాసముననుండి వచ్చినదే. పితృదేవతలకు తర్పణమిచ్చు పొరుగువారికి ఇది వింతగా తోచలేదు. పాపసంకీర్తనము సంవత్సరమున కొకమాఱైన చేయవలెనని 1215 నాటి లాటెరను మహాసభ నియమము. విన్నది గురువు ప్రాణాంతమునను బయటపెట్టరాదు.

వివాహ విషయములో మన తెలుగు మర్యాదకును శ్రీసభ చట్టమునకును నిజమైన పెనుగులాట యున్నది. మేనరికము మనకు ముద్దు. మేనమామ అక్క కూతును పెండ్లాడుట అంతకంటె ముద్దు. శ్రీసభ చట్టము ఈ రెంటిని రక్తసంబంధ దోషముగా లెక్కించును. 1983 నాటి స్మృతి ప్రకారము కూడ పినతండ్రి, పెత్తండ్రి, మేనత్త, మేనమామ బిడ్డల వఱకు నిషేధమే. అయినను మేత్రాణుల అనుమతి పత్రము తెచ్చుకొన్నచో పెండ్లి చెల్లును. జ్ఞానతల్లిదండ్రుల విషయమున ఇంకొక చిక్కుండెను. జ్ఞానస్నానమున బిడ్డను పట్టినవారికిని ఆ బిడ్డకును ఆత్మ సంబంధమేర్పడి వారి నడుమ వివాహము నిషిద్ధమయ్యెడిది. కాబట్టి వరుసగల మేనమామను జ్ఞానతండ్రిగా నిలుపుటకు ముందు పెద్దలు ఆలోచింపవలసి యుండెను! ఈ నియమము 1983 స్మృతిలో లేదు.

అన్నిటికంటె ఆలోచింపదగినది భాష. 1963 డిసెంబరు 4న వాటికను మహాసభ దివ్యపూజను దేశభాషలలో జరుపుటకు తలుపు తెఱచెను. అంతవఱకు లాటిను అందఱికి సమముగా పరాయిది. తమిళునికి తెలియనిది తెలుగువానికిని తెలియకుండెను. ఇంట జపమాల ఎవరి భాషలో వారిది. లాటిను పోయి దేశభాష వచ్చినప్పుడు, ఏ దేశభాష యను ప్రశ్న పుట్టెను. తమిళనాట విచారణకు సహజముగ తమిళమే వచ్చెను. అది న్యాయమే, పీఠమునందున్నవారిని దూషింప పనిలేదు. కాని ఆంధ్రదేశమున తెలుగువానికి గుడిని దగ్గఱ చేసిన సంస్కరణమే, తమిళనాట తెలుగు కుటుంబమునకు ఇంటి జపమును గుడి జపమునుండి విడదీసెను.

దానికి తోడు మఱియొకటి జరిగినది. శుద్ధ తమిళ వాంఛ వలన తమిళ కతోలికులు పాత సంస్కృత పదములను క్రమముగా విడిచిరి. జ్ఞానస్నానము 'తిరుముళుక్కు' అయ్యెను; పూజ 'తిరుప్పలి' అయ్యెను; మేత్రాణి 'ఆయర్' అయ్యెను; అర్చ్యశిష్టులు 'పునితర్' అయిరి. తెలుగు మాత్రము జ్ఞానస్నానమును పాపసంకీర్తనమును నిలుపుకొన్నది. మూడు శతాబ్దములు రెండు భాషల కతోలికులకు ఉమ్మడియైన మాటలు అట్లు విడిపోయినవి. పూర్వము తెలుగు అవ్వ తమిళ గుడిలో సగము మాటలను తన మాటలుగానే వినెడిది. మధుర స్వాములు తమిళమునకై మలచిన పదములు నేడు తమిళనాటి తెలుగిండ్లలో వినబడినచో అవి తెలుగు మాటలుగా చెలామణి యగుచున్నవి.

ఈ కుటుంబముల చరిత్ర వ్రాయదలచిన వారికి ఒక ఆధారము గలదు. ప్రతి విచారణలోను జ్ఞానస్నానము, వివాహము, మరణము వ్రాసిన పుస్తకములుండును. 1563లో ట్రెంటు మహాసభ వీనిలో జ్ఞానస్నాన, వివాహ పుస్తకములను విధించెను. 1908నుండి, వివాహము ఎచ్చట జరిగినను ఆ సంగతిని జ్ఞానస్నానపు పుస్తకములో ఆ పేరుకెదురుగా ఎక్కింపవలెనను నియమము అమలునకు వచ్చినది. కావున ఒక్క వరుసలో ఒకని పుట్టుక, తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, పెండ్లి కలిసి దొరకును. తమిళనాట తెలుగువారు పొరుగువారి మర్యాద ననుసరించి, ఇంటిపేరు విడిచి తండ్రి పేరులోని మొదటి అక్షరమును మాత్రమే పెట్టుకొనుట పరిపాటి యైనది. పాత పుస్తకములలో, గురువు ఏ భాషవాడైనను, చెప్పినవారు చెప్పినట్లు ఇంటిపేరు వ్రాసియున్నచో, అది ఏ యూరినుండి బయలుదేరినదో చెప్పగల సాక్ష్యము అదొక్కటే. కాగితములు చిలుముచున్నవి. వానిని చూచుటకు విచారణ గురువు అనుమతి కావలెను. అడిగిన సంఘములు మనలో ఎన్ని యున్నవో తెలిసికొని, లేనిచోట ముందుగా కీళచ్చేరితో నారంభించుట మంచిది.